వేలికి తగలని సీలు

కానిస్టేబులమ్మ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. తిప్పి చూసింది. కింది మూల బొటనవేలితో రెండుసార్లు రుద్దింది.

"దీనికి ప్లాస్టిక్ ఎవరు వేయించారమ్మా?" అని అడిగింది.

అక్క బావగారి వైపు చూసింది. బావగారు ఫ్యాను వైపు చూశారు. చంటి మాత్రం కిటికీలోంచి వీధి అవతలికి చూస్తోంది.

ముప్పై నాలుగేళ్ళు వచ్చి, ఎనిమిదేళ్ళ కూతురున్నా ఆ ఇంట్లో ఆమె చంటే. చిన్నదానిగా పుట్టినందుకు ఆ పేరు వదల్లేదు, పెళ్ళి చేసుకున్నందుకు ఆ మొగుడు వదల్లేదు.

అతను అవతల మందుల షాపు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో బొమ్మల పుస్తకం. చూసినవాళ్ళెవరూ ఈ మనిషి పెళ్ళాం మణికట్టు విరిచాడని అనుకోరు. ఆ మాట కోర్టు నమ్మడానికి ఏడు నెలలు పట్టింది. నమ్మాక ఆ కాగితం ఇచ్చింది. ఆమె ఇంటికీ, పనిచేసే చోటుకీ, పాప బడికీ వంద మీటర్ల లోపలికి అతను రాకూడదని అందులో ఉంది.

"ఆర్డరు మంచిదే," అంది కానిస్టేబులమ్మ. "చచ్చిపోలేదు. ఇంకా ఏడాది నడుస్తుంది. కానీ దీంతో నేనేం చెయ్యను చెప్పండి. కోర్టు సీలు వేలికి తగలాలి. ప్లాస్టిక్ కింద ఉంటే అసలుదో, రంగు జిరాక్సో నాకెలా తెలుస్తుంది? వెనకాల మా స్టేషన్ నంబరు వేసి స్టాంపు కొట్టాలి. దీని మీద సిరా నిలవదు."

"అదంతా నాలుగు నెలల కిందటే అయిపోయిందండీ," అంది అక్క. "చంటి ఈ ఊరొచ్చిన వారంలోనే మా ఆయన స్టేషన్‌కొచ్చి నకలు ఇచ్చారు."

"మా రిజిస్టర్లో లేదమ్మా. మీ ఫోన్ రాగానే చూసుకునే వచ్చాను."

అక్క మళ్ళీ బావగారి వైపు తిరిగింది. ఆయన ఈసారి ఫ్యాను వైపు కూడా చూడలేదు.

"ఇంకోటి కూడా ఉంది," అంది కానిస్టేబులమ్మ, కాగితం మీద వేలు పెట్టి. "ఈ ఇల్లు, ఈ ఆఫీసు, ఈ బడి, మూడూ పాత ఊళ్ళోవే. ఇందాక వీధిలో అతన్ని అడిగాను. ఆ మూడు చోట్లకీ నేను వెళ్ళలేదు మేడమ్, మీరే చదివి చూడండి అన్నాడు. తన నకలు జేబులోనే ఉంది. మడత కూడా నలగలేదు."

చంటికి అప్పుడు నవ్వు రాబోయింది. ఏడుపు రావలసిన చోట ఆమెకి ఒక్కోసారి ఇలా అవుతుంది. తన కాగితం ప్లాస్టిక్ తొడుక్కుని బీరువాలో కూర్చుంది. అతను మాత్రం తన నకలు ఎక్కడికి వెళ్తే అక్కడికి పట్టుకెళ్తున్నాడు.

"ఇవాళ్టికి నేను పంపించేస్తాను. మళ్ళీ శుక్రవారం వస్తానన్నాడు, బడి వదిలే వేళకి. కూతుర్ని చూడ్డానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదట. ఇవాళ బుధవారం. ఈలోపల సీలున్న కొత్త నకలు తెచ్చి మా రిజిస్టర్లో ఎక్కించండి. కొత్త చిరునామాల సంగతి మీ లాయర్ని అడగండి. అది ఎక్కిందంటే నేనింక ఎవర్నీ అడగను, అతన్ని స్టేషన్‌కి తీసుకుపోతాను."

"ఎక్కకపోతే?" అంది చంటి. కానిస్టేబులమ్మ వచ్చిన దగ్గర్నించీ ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఎక్కకపోతే ఇవాళ్టిలాగే అమ్మా. వస్తాను, మాట్లాడతాను, పంపిస్తాను."

కానిస్టేబులమ్మ వీధిలోకి దిగి అతనితో ఏదో చెప్పింది. అతను వినయంగా తలూపాడు. వెళ్తూ వెళ్తూ బొమ్మల పుస్తకాన్ని గేటు మీద పెట్టి వెళ్ళాడు.

"ఆ పుస్తకం నాకేనా?" అంది పాప, గుమ్మం దగ్గర్నించి. బడి సంచీ ఇంకా వీపు మీదే ఉంది.

చంటి కిటికీ రెక్క మూసింది. పాప అడిగినదాన్ని మళ్ళీ అడిగే పిల్ల కాదు. అలా ఎందుకయిందో చంటికి తెలుసు, తెలిసి చేయగలిగిందేమీ లేదు. పాప సంచీ తీసి మూల పెట్టి లోపలికి పోయింది.

తలుపు పడగానే అక్క మొదలుపెట్టింది.

"ఇచ్చానన్నారు."

"వెళ్ళాను," అన్నారు బావగారు.

"వెళ్ళడం వేరు, ఇవ్వడం వేరు. తెలుగే కదా మాట్లాడుతున్నాను."

బావగారు నీటి సరఫరా ఆఫీసులో రికార్డు గుమాస్తా. చెమ్మ పట్టి, చెద తిని, ఎలుకలు కొరికి పోయిన ఫైళ్ళకి లెక్కలేదు ఆయన సర్వీసులో. మనుషులు ఎదురు తిరిగినా ఊరుకుంటారు గానీ కాగితం మూల చిరిగితే ఆయన ఊరుకోలేరు. ఇంట్లో ఫ్రిజ్ గ్యారంటీ కార్డు, పాప టీకాల కార్డు, వాళ్ళ పెళ్ళి శుభలేఖ, అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులే. నన్ను కూడా చేయించేవారు, మెషిన్లో పట్టలేదు కాబట్టి బతికిపోయానని అక్క పదిమందిలో అంటుంటుంది. అన్నప్పుడల్లా అందరికంటే ముందు ఆయనే నవ్వుతారు.

ఇవాళ అక్క ఆ మాట అనలేదు.

"చంటి వచ్చిన రోజు సంచీలో నీళ్ళ సీసా కారింది," అన్నారాయన నెమ్మదిగా. "ఆర్డరు ఒక మూల తడిసింది. మడత దగ్గర చిరుగు కూడా పట్టింది. ఇంకో రెండుసార్లు తీసి పెడితే రెండు ముక్కలయ్యేది. అందుకని మర్నాడు ఆఫీసు పక్కన చేయించాను. చేయించాకే స్టేషన్‌కి వెళ్ళాను."

"వెళ్తే?"

"ఇప్పుడావిడ చెప్పిందే అక్కడ రాతబల్ల దగ్గర కూర్చున్నతను చెప్పాడు. కొత్త నకలు తెమ్మన్నాడు. ఆర్డరు ఎవరిదో ఆ మనిషినే తీసుకురమ్మన్నాడు."

"ఆ మాట ఇంటికొచ్చి చెప్పడానికేం?"

బావగారు చంటి వైపు తిరిగారు.

"నేనొచ్చేసరికి నువ్వు అన్నం తింటున్నావమ్మా. వచ్చిన వారంలో నువ్వు సరిగ్గా తిన్నది ఆ పూటే. తల ఎత్తి, పనైందా బావగారూ అన్నావు. అయిందన్నాను."

ఆయన బల్ల మీది ఆర్డరుని అంచుకి సమంగా జరిపారు.

"నెలాఖరులోగా నేనే వెళ్ళి కొత్తది తెద్దామనుకున్నాను. ఒక నెల పోయింది. అతను రాలేదు. ఇంకో నెల పోయింది. ఇక రాడేమో, ఈ మాట బయటపెట్టే అవసరమే రాదేమో అనుకున్నాను."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు," అంది అక్క. "అది మిమ్మల్ని నమ్ముకుని వీధిలో తలెత్తుకు తిరిగింది. ఈ ఇంట్లో నీకేం భయం లేదే అని నా నోటితో నేను చెప్పాను దానికి. చేతిలో ఏముందని చెప్పాను?"

"అక్కా, ఊరుకో," అంది చంటి.

"ఎందుకూరుకోవాలి?"

"నేనే వెళ్ళి ఉండాల్సింది."

ఆ మాట బావగారిని కాపాడ్డానికి అన్నది కాదు. నిజంగానే ఆమె వెళ్ళి ఉండాలి. పాత ఊళ్ళో ఆ కథ ఆసుపత్రిలో ఒకరికి, స్టేషన్లో ఇద్దరికి, లాయరుకి, కోర్టుకి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు ఆమె మణికట్టు వైపు ఒకసారి చూసేవారు. కొత్త ఊళ్ళో, కొత్త బల్ల ముందు, మొదటినించీ మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆమెకి చచ్చేంత సిగ్గేసింది. బావగారు తానే వెళ్తానంటే కాళ్ళకి దణ్ణం పెట్టినంత పనిచేసింది. ఆ సిగ్గుకి ఇప్పుడు సిగ్గుపడుతోంది.

"బదిలీ మీద మేం ఈ ఊరొచ్చిన సంగతి వాడికి తెలీదు. అసలు ఈ ఇల్లు వాడికెలా తెలిసింది?" అన్నారు బావగారు.

"పొయ్యి మీద పాలున్నాయి," అని అక్క లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటికి సెలవు చెప్పాలి కాబట్టి చంటి సాయంత్రం లోపల ల్యాబుకి వెళ్ళింది. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక గది అది. అక్కడ ఆమె కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. మైనం చిగుళ్ళ మీద ఒక్కో పన్నూ నిలబెట్టి, పైవరసా కింది వరసా సరిగ్గా కలిసేదాకా గీరుతుంది. నోట్లో పెట్టుకున్నవాళ్ళు మర్చిపోయేంత బాగా చేస్తుందని డాక్టరుగారికి ఆమె మీద గురి.

"రేపు కోర్టు పనుంది డాక్టరుగారూ," అంది.

"వెళ్ళిరామ్మా. పళ్ళు ఎక్కడికి పోతాయి? ఊడిపోయినవాళ్ళే కదా మన దగ్గరికొచ్చేది," అన్నాడాయన.

ఒక ముసలాయన కింది సెట్టు సగంలో ఉంది. దాన్ని ముందేసుకుని, పాత ఊళ్ళో లాయరమ్మకి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. మాటలు తడబడలేదు. అందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"నకలు రేపే తీయిద్దాం," అంది లాయరమ్మ. "మీరే వచ్చి సంతకం పెట్టాలి. చిరునామాలు మార్చమని పిటిషన్ కూడా వేస్తాను. కొత్త ఇల్లు, కొత్త బడి పిటిషన్లో ఎక్కడా రాయం. ఆమె ఎక్కడ నివసించినా, ఎక్కడ పనిచేసినా అని రాసి, చిరునామాలు విడిగా సీలు కవర్లో జడ్జిగారికిస్తాం. పిటిషన్ నకలు అతనికి వెళ్తుంది, కవరు వెళ్ళదు."

చంటి చేతిలో చిన్న కత్తి ఆగిపోయింది.

"మీరు ఇల్లు మారితే కోర్టుకి తెలియజెయ్యాలన్నారు కదండీ, అప్పట్లో."

"అన్నాను. నాకు చెప్పండి, నేను వేస్తానన్నాను."

"నేనే రాసి పంపించేశాను. మామూలు కాగితం మీద. ఇంటి నంబరు, వీధి, పాప బడి పేరుతో సహా."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"ఎప్పుడు?"

"నెల దాటింది. పోస్టులో."

"సరే, రండి," అంది లాయరమ్మ. "అది ఫైల్లోకి ఎక్కితే అతనికి నకలు వెళ్ళే ఉంటుంది. వచ్చాక చూద్దాం."

అప్పుడు తెలిసింది చంటికి, అతను మందుల షాపు మెట్ల దాకా ఎలా వచ్చాడో. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా, తన చేత్తో తనే దారి రాసి ఇచ్చింది. చిన్నప్పట్నించీ చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్లని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఇన్నాళ్ళకి ఇక్కడికి తెచ్చింది. ముసలాయన కింది సెట్టులో మూడు పళ్ళు వంకరగా వచ్చాయి. పీకి మళ్ళీ పెట్టింది.

గురువారం ఉదయం మొదటి బస్సుకి బయల్దేరారు. తనూ వస్తానని బావగారే అన్నారు. చంటి వద్దనలేదు. ఆయన చంకలో రెండు గట్టి అట్టలు, వాటిని కట్టడానికి ఒక తాడు ఉన్నాయి.

"కొత్తది వీటి మధ్య పెట్టి తెద్దాం," అన్నారు. "ప్లాస్టిక్ జోలికి పోను."

దారిపొడుగునా ఆయన మాట్లాడింది అదొక్కటే. చంటికి కోపం రాలేదు. కోపమొస్తే బాగుండుననిపించింది. ఎవరి మీదన్నా కోపగించుకుంటే ఆ కాసేపన్నా తన మీద తనకి జాలి మిగిలేది.

కోర్టులో నకళ్ళ విభాగం మెట్ల కింద గది. గుమాస్తా అద్దాలు నుదుటి మీదికి తోసుకుని రిజిస్టర్ తిరగేశాడు.

"ఫైలు ఇక్కడ లేదమ్మా. సోమవారం నుంచీ పైన కోర్టు హాల్లో ఉంది. ఏదో పిటిషన్ పడింది."

"నేను వేస్తానన్న పిటిషన్ ఇంకా వెయ్యలేదే," అంది లాయరమ్మ. ఆమె అప్పుడే నల్లకోటు తొడుక్కుంటూ వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎప్పుడు చూసినా ఎక్కడికో ఆలస్యమైనట్టే నడుస్తుంది.

కోర్టు లేచేసరికి సాయంత్రం కావచ్చింది, అప్పుడు పైకి వెళ్ళి ఆమే ఫైలు పట్టుకొచ్చింది. గుమాస్తా ఆర్డరు నకలు తీశాడు, పోల్చి చూశాడు, కింద సంతకం పెట్టించుకొచ్చాడు. ఒక ఇనుప పట్టకారు లాంటిది తీసి మూల నొక్కాడు.

"చూసుకోండి," అని చంటి చేతికిచ్చాడు.

ఆమె బొటనవేలు పెట్టి చూసింది. గుండ్రంగా, గరుకుగా తగిలింది. బావగారు అట్టలు విప్పి పట్టుకుని నిలబడ్డారు, పసిపిల్లని అందుకోబోయేవాడిలా.

"మా ఉత్తరం ఒకటి వచ్చి ఉండాలండీ," అంది చంటి. "చిరునామా మారిందని. అది అతనికి వెళ్ళిందా?"

గుమాస్తా ఫైలు చివర వెతికాడు. తర్వాత తన బల్ల కింది అరలో వెతికాడు. కవరు దొరికింది. ఇంకా చింపనైనా లేదు.

"దీనికింకా నంబరే పడలేదమ్మా. ఇక్కడే ఉంది. ఎవరికీ వెళ్ళలేదు."

చంటి గోడకి ఆనుకుంది. అతనికి దారి చూపింది తను కాదు. కోర్టులో పనులు నత్తనడక నడుస్తాయని అందరూ తిట్టుకుంటారు, ఆమె ఆ గుమాస్తాకి మనసులో నమస్కారం పెట్టుకుంది. ఆ సంతోషం లాయరమ్మ ఫైల్లో పై కాగితాలు తిప్పేంతసేపే ఉంది.

"ఇది అతను వేసిన పిటిషన్," అంది లాయరమ్మ. చదువుతున్నకొద్దీ ఆమె గొంతు తగ్గిపోయింది. "ఆర్డరు కొట్టెయ్యమని. భార్య మనసు మార్చుకుంది, ఆమె వైపువాళ్ళే నన్ను ఇంటికి రమ్మని పిలిచారు, కాబట్టి ఇక దీని అవసరం లేదంటున్నాడు. మనకి నోటీసు పాత ఇంటికి పంపించాడు. తలుపు తాళం వేసి ఉందని తిరిగొచ్చింది. విచారణ రేపు పదకొండింటికి."

"రేపు శుక్రవారం," అన్నారు బావగారు.

శుక్రవారమే ఎందుకన్నాడో ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది. పదకొండింటికి ఆర్డరు పోతే, మధ్యాహ్నం బడి గేటు దగ్గర నిలబడటానికి అతనికి ఏ అడ్డూ ఉండదు. చంటి చేతిలో ఉన్న కొత్త నకలుకి సీలు ఎంత గట్టిగా పడితేనేం, రేపు మధ్యాహ్నానికి అది ఒట్టి కాగితమే.

"పిలవడమేంటి?" అంది చంటి. "ఎవరు పిలిచారు?"

లాయరమ్మ పిటిషన్ వెనక కుట్టిన కాగితం తిప్పి చూపించింది. ఉత్తరం. ముత్యాల్లాంటి అక్షరాలేం కావు, తొందర తొందరగా రాసినవి.

మరిదిగారికి, చంటి పైకి చెప్పదు గానీ లోపల్లోపల కుమిలిపోతోంది. పట్టుదలకి పోయి ఉండలేక ఉండలేక ఉంటోంది. పాప కూడా మిమ్మల్ని అడుగుతోంది. మీరు ఒకసారి వచ్చి మంచిగా మాట్లాడితే అది కరగకపోదు. మా ఇంటి చిరునామా కింద రాస్తున్నాను. నేను రాసినట్టు మాత్రం దానికి చెప్పకండి.

కింద సంతకం లేదు. అవసరం కూడా లేదు. బావగారు చేయి చాచి ఆ కాగితం వెనక వైపు చూశారు. నీటి కుళాయి కోసం పెట్టుకునే దరఖాస్తు ఫారం, రద్దయిన పాత నమూనా. ఒక వైపు ఖాళీగా ఉన్న అలాంటి కాగితాలు పారెయ్యడం ఇష్టంలేక, ఇంట్లో పద్దులు రాసుకోడానికి ఆయనే తెచ్చి ఇస్తుంటారు.

ఆయన అట్టలు బల్ల మీద పెట్టి పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు.

నిన్న అక్క తన మీద ఎంత కేకలేసిందో ఆయనకి గుర్తొచ్చి ఉండాలి. ఆ ఊసు ఎత్తలేదు. ఒకరి తప్పు దొరికితే తన తప్పు తేలికవుతుందనుకునే మనిషి కాదాయన. తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయారు.

"ఈ ఉత్తరం మీకు తెలిసే వెళ్ళిందా?" అని అడిగింది లాయరమ్మ.

"లేదండీ."

"మీరొక్కరూ చెప్తే చాలదు. భార్య తెలిసి రాయించింది, ఇప్పుడు మాట మారుస్తోందంటాడు. రాసినవాళ్ళు రేపు వచ్చి చెప్పాలి. జడ్జిగారి ముందు, అతని ముందు. నా అంతట నేను రాశాను, మా చెల్లెలికి తెలీదు, ఆమె ఎప్పుడూ రమ్మనలేదు అని. అప్పుడే ఆర్డరు నిలుస్తుంది. చిరునామాలు కూడా రేపే మార్పించొచ్చు."

"నేను రాశానని చెప్తాను," అన్నారు బావగారు. "కాగితం మా ఆఫీసుదే. మీ అక్కని అక్కడ నిలబెట్టకమ్మా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

చంటి ఆయన పక్కన కూర్చుంది. తన వల్ల ఈ ఇద్దరూ ఇలా అయిపోయారని ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది.

"వద్దు బావగారూ," అంది. "ఒకసారి అయిందన్నారు. చాలు."

ఆయన కొత్త నకలు అందుకుని అట్టల మధ్య పెట్టారు.

ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. ఒక్క మోతకే అక్క ఎత్తింది. ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చుందేమో.

"దొరికిందా నకలు?"

"దొరికింది."

"సీలు సరిగ్గా పడిందా? చేత్తో చూశావా?"

"చూశాను అక్కా. ఇంకో కాగితం కూడా చూశాను."

చంటి ఎదురుచూసింది. వరండాలో ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు. ఒక ప్యూను ఎవరిదో పేరు పిలుస్తూ వెళ్ళాడు.

"అక్కా."

"వింటున్నాను."

"ఎందుకు రాశావు?"

"నువ్వు రోజూ స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడిచేదానివి," అంది అక్క. "బయటికి వినపడదనుకున్నావు. పక్కనే వంటిల్లు కదే, నాకు వినపడేది. నెలల తరబడి విన్నాను. అడిగితే నీ మనసు కష్టపెట్టుకుంటావని అడగలేదు. మొగుడి మీద బెంగేమో అనుకున్నాను. పట్టుదలకి పోయి చెప్పుకోలేకపోతోందనుకున్నాను."

చంటి వరండా చివరికి నడిచింది.

"భయమనుకోలేదే, చంటీ. బెంగనుకున్నాను."

ఒక్క గోడ. ఆ గోడకి ఇవతల తను, అవతల అక్క, నాలుగు నెలలు. ఒక్క రోజు కుళాయి కట్టేసి వంటింట్లోకి వెళ్ళి, అక్కా నాకు వీధిలో చెప్పుల చప్పుడు వినపడితే వాడేనేమోనని భయమేస్తోందని చెప్పి ఉంటే సరిపోయేది. దాచుకుంటే అక్కకి బరువు కానని అనుకుంది. ఎంత పిచ్చిదానిలా అనుకుంది.

"నిన్న కిటికీ దగ్గర వాణ్ణి చూసి నువ్వు పాపని ఎలా వెనక్కి లాక్కున్నావో చూశాను," అంది అక్క. "అప్పుడు తెలిసింది. అప్పుడు చెప్పడానికి నోరు రాలేదు. మీ బావగారి మీద అరిచాను."

"రేపు పదకొండింటికి నువ్వు కోర్టుకి రావాలి అక్కా. ఆ ఉత్తరం నువ్వే రాశావని, నాకు తెలీదని చెప్పాలి. పాపని రేపు బడికి పంపొద్దు, నీతోనే తీసుకురా."

"వాడి ముందా?"

"వాడి ముందే."

"జడ్జిగారు అందరిముందూ నా చేత చదివిస్తారా దాన్ని?"

"చదివిస్తారేమో."

అక్క ఏడుస్తోందో, ఆలోచిస్తోందో తెలియలేదు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళకీ చప్పుడు చెయ్యకుండా ఏడవడం బాగా వచ్చు.

లాయరమ్మ చేతిలో కలం పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చింది. వెనకాల గుమాస్తా, ఆ వెనక బెంచీ మీద బావగారు కనిపిస్తున్నారు. "సాక్షి పేరు ఇవాళే ఇవ్వాలి. ఇంకో పది నిమిషాల్లో ఆఫీసు కట్టేస్తారు," అంది. "మీ అక్కగారు వస్తారా? రాసుకోనా?"

చంటి ఫోన్ చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది. అవతల నుంచి ఔననీ లేదు, కాదనీ లేదు.

"రాసుకోండి," అంది.